ఉత్తుత్తి తూటా

"తూటా మీరు పెట్టలేదంటారు. మీ ఆవిడ పెట్టలేదంటారు. ఇంట్లో మూడో మనిషి లేడంటారు. మరి అది దానంతటదే నడిచొచ్చి గొట్టంలో దూరి పడుకుందా మాస్టారూ?"

ఇన్‌స్పెక్టర్ మాస్టారిని ఆయన ఇంటి ముందుగదిలోనే కూర్చోబెట్టి ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ డ్రాయింగు మాస్టారు తల వంచుకునే ఉన్నారు. నిన్నటి చొక్కాయే ఇంకా ఒంటిమీద ఉంది. కుడిచేతి మడతలో ఎండిపోయిన రక్తపు మరక. ఆ రక్తం ఆయనది కాదు, ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయనతో కాపురం చేస్తున్న ఆవిడది.

"నేనే పెట్టి మరిచిపోయానేమోనండీ," అన్నారు చివరికి. "అలాగే రాసుకోండి. సంతకం పెడతాను."

"రాసుకోకండి బావగారూ," అన్న గొంతు గుమ్మంలోంచి వినబడింది.

ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకుని ఊపిరి గట్టిగా వదిలాడు. చూడకుండానే తెలిసిపోయింది, వచ్చింది ఎవరో. ఊళ్ళో ప్రైవేటు డిటెక్టివ్‌లు ఇంకా ఇద్దరున్నారు, వాళ్ళని ఒక్క కసురు కసిరితే గేటు దాటి రారు. ఈయన్ని కసరడానికి లేదు. ఈయన తన కోడలికి తండ్రి.

ఊరంతా చాటుగా సోడాబుడ్డి అని పిలుచుకునే డిటెక్టివ్‌కీ ఈ చుట్టరికంతో చిక్కే. పిల్లనిచ్చినవాడు గనక ఎంత మాట అనాలన్నా ముందు 'బావగారూ' అని వెన్న రాసి, ఆ తర్వాతే వాత పెట్టాలి. పోయిన వారం ఇన్‌స్పెక్టర్ ఏవో మూడు కాగితాలు ముందు పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇంకోటి ఇక్కడ" అంటే చదవకుండా సంతకాలు గీకేశాడు. దొంగ సంతకం ఆమడ దూరం నుంచి పసిగట్టే మనిషి, వియ్యంకుడి మర్యాద కోసం కళ్ళజోడు కూడా సవరించుకోలేదు. ఆ కాగితాలేమిటో అడగాలని రోజూ అనుకుంటాడు, రోజూ మొహమాటపడతాడు.

"ఈ కేసు మీకెవరు అప్పగించారు బావగారూ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"తూటా దెబ్బ తిన్నావిడే. పొద్దున ఆస్పత్రిలో మెలకువ రాగానే రెండు మాటలు అన్నారట. మొదటిది, 'ఆయన మాత్ర వేసుకున్నారా?' అని. రెండోది, 'ఆ సోడాబుడ్డిని పిలవండి' అని."

తల వంచుకున్న మాస్టారి భుజాలు ఒక్కసారి కదిలాయి. ఇన్‌స్పెక్టర్ కిటికీలోంచి బయటికి చూశాడు. మనిషి కఠినుడేమీ కాదు, కాకపోతే మెత్తబడినట్టు ఎవరికీ తెలియకూడదు.

"నాలుగింటికి ఈయన్ని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇప్పుడు రెండూ అయిదు," అన్నాడు వాచీ చూసుకుని. "అడిగేదేదో త్వరగా అడగండి."

డిటెక్టివ్ కుర్చీ లాక్కుని మాస్టారికి మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"ఆ తుపాకీ ఎందుకు కొన్నారు మాస్టారూ?"

"బాతు కోసం."

"వేటాడ్డానికా?"

"అబ్బే! తుపాకీ పక్కభాగాన ఇనప రేకు మీద చెక్కిన బాతుందండీ. నీళ్ళలోంచి లేస్తూ ఉంటుంది. రెక్క కింద ఈకలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆ తుపాకుల షాపు కిటికీ ముందు నిలబడి ఎన్నిసార్లు గీసుకున్నానో! మా ఆవిడే అంది, 'ఎన్నాళ్ళు కిటికీకి అంటుకుపోతారు, తెచ్చుకోండి' అని. పేల్చడం నాకు చేతకాదు. తూటాలు కొనలేదు కూడా."

"దాని చరిత్ర మీకు చెప్పారా?"

"చెప్పారు. దాన్ని షాపులో పెద్దత్త అంటారు. ఎవరూ పలకరించకపోయినా గయ్యిమంటుందని. పాతకాలపు జోడు గొట్టాల తుపాకీ. లోపల కొక్కెం అరిగిపోయింది, ఆ కొలతకి ఇప్పుడు దొరకదు. ఏ కాస్త కుదుపు తగిలినా ఎడమ గొట్టం దానంతటదే పేలుతుంది. ఇదివరకు కొన్న ముగ్గురూ తిరిగిచ్చేశారట. ఒకాయనకి నిలువుటద్దం పోయింది, ఒకాయనకి మంచం కోడు పోయింది, మూడో ఆయనకి కాలి బొటనవేలు."

"అన్నీ తెలిసి కొన్నారు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఎడమ గొట్టంలో ఉత్తుత్తి తూటా పెట్టి ఇస్తామన్నారండీ. గొట్టం ఖాళీగా ఉంటే కొక్కెం జారినప్పుడు లోపలి సూది విరుగుతుందట. పొట్టూ ఇసకా కూరిన, అసలుదాని బరువే ఉండే తూటా. వెనక ఎర్ర లక్క బొట్టు ఉంటుంది. అది ఉన్నంతకాలం కొక్కెం జారినా 'టక్'మంటుంది తప్ప పేలదు. తీయకూడదని షరతు. నేను తీయలేదు. తెరిచి కూడా చూడలేదు. నాలుగూ పదికి ఇంటికి తెచ్చి, మేకుల మీద ఆనించి, ఎదురుగా కూర్చుని బాతుని చూస్తున్నాను. నాలుగూ నలభైకి మా ఆవిడ..."

డిటెక్టివ్ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి లేచాడు.

ఆ ముందుగదికి, పడకగదికి మధ్య పలచటి చెక్క గోడ. గోడకి రెండు మేకులు, వాటికి కుడివైపున తలుపు. ఎడమవైపున పుస్తకాల బీరువా. డిటెక్టివ్ జేబులోంచి టేపు తీశాడు. మేకుల ఎత్తు నాలుగడుగుల నాలుగంగుళాలు. మాస్టారు కుర్చీలో కూర్చుంటే బాతు కళ్ళకి ఎదురుగా ఉండేలా కొట్టుకున్న ఎత్తు. తలుపు చట్రంలో గుచ్చుకుపోయిన సీసపు రవ్వల ఎత్తు కొలిచాడు. అదీ నాలుగడుగుల నాలుగంగుళాలే. చట్రం పక్కన గోడ రంగు మీద వేలితో రుద్దాడు. నల్లటి మసి అంటింది.

"బావగారూ, మీరు బీరువా చూశారా?"

"అందులో డ్రాయింగు పుస్తకాలున్నాయి. ఏముంది చూడ్డానికి?"

"లోపల కాదు, పక్కన. ఇదిగో, అరచేతి వెడల్పున సొట్ట. చెక్క ఇంకా పచ్చిగా ఉంది. తుపాకీ పేలగానే వెనక్కి తన్నింది, దాని చెక్క మడమ బీరువాకి కొట్టుకుంది. మనిషి చేతిలో ఉంటే అది మనిషి భుజానికి తన్నాలి. అంటే పేలినప్పుడు అది మేకుల మీదే ఉంది. ఈయన ఆ కుర్చీలో ఉన్నారు."

ఇన్‌స్పెక్టర్ మీసం దువ్వుకున్నాడు. "ఉంటే ఉండనివ్వండి. కుదిపిందెవరు?"

డిటెక్టివ్ పడకగదిలోకి వెళ్ళి, బయటికి వస్తూ తలుపు లాగాడు. ఉబ్బిన తలుపు మూసుకోలేదు. గట్టిగా లాగితే ధడేలుమంది, గోడ గోడంతా అదిరింది, ఖాళీ మేకులు కదిలాయి. తలుపు దగ్గర నేల మీద, బల్ల కింద, రెండు తెల్లటి మాత్రలు ఇంకా పడి ఉన్నాయి.

"రోజూ నాలుగూ నలభైకి మాస్టారికి మాత్ర. ఆవిడ ఒక చేత్తో మాత్రలు పట్టుకుని, ఇంకో చేత్తో తలుపు లాగారు. లాగినప్పుడు సరిగ్గా గొట్టాలకి ఎదురుగా ఉన్నారు. ఇంకో జానెడు ఇవతల ఉండి ఉంటే..." మాస్టారు వింటున్నారని గుర్తొచ్చి ఆపేశాడు.

"సరే. అన్నీ ఒప్పుకున్నా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అయినా ఉత్తుత్తి తూటా ఉంటే పేలదు. అది పక్కా. నేను విచారించుకున్నాను, దానితో ఏ ప్రమాదమూ లేదు. అంటే ఎవరో దాన్ని తీసి అసలు తూటా పెట్టారు. ఇంట్లో ఉన్నది ఈయనే."

ఏ పాత వస్తువునైనా తుక్కు అని తీసిపారేసే ఇన్‌స్పెక్టర్, ఉత్తుత్తి తూటాని ఇంతగా వెనకేసుకురావడం డిటెక్టివ్‌కి వింతగానే అనిపించింది. కానీ అప్పుడు దాని వెంట పడలేదు. తర్వాత తలుచుకుని తలుచుకుని తనను తాను తిట్టుకున్నాడు.

"ఇల్లంతా వెతికారా?"

"బియ్యం డబ్బాతో సహా."

"ఎర్ర లక్క తూటా దొరికిందా?"

"లేదు."

"ఈయన బయటికి వెళ్ళారా?"

"లేదు. పేలిన రెండో నిమిషానికి పక్కింటివాళ్ళు వచ్చారు. అప్పటికి ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు."

"ఈ ఇంట్లో తీసి ఉంటే ఈ ఇంట్లోనే ఉండాలి కదా బావగారూ! ఉత్తుత్తి తూటా అసలు ఈ గడప దాటి లోపలికి రాలేదు. అది షాపులోనే ఉండిపోయింది."

సరిగ్గా అప్పుడే డిటెక్టివ్ ఫోను మోగింది. ఇంటి నుంచి.

"సుత్తి ఎక్కడ పెట్టారు?" అంది భార్య.

"కింది సొరుగులో. ఎందుకు?"

"అన్నీ మీకెందుకు!" ఫోను పెట్టేసింది.

ఆవిడ ఫోను పద్ధతే అంత. తను అడగాల్సింది అడిగేస్తుంది, అవతలివాడి మాట సగంలో ఉండగానే కట్ చేస్తుంది. వద్దన్న పనైతే మరీ ముందు చేస్తుంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆ విసురంటే డిటెక్టివ్‌కి ముచ్చటే. ఫోను జేబులో పెట్టుకుంటూ చూస్తే, ఇన్‌స్పెక్టర్ మీసం చాటున నవ్వు దాచుకుంటున్నాడు.

"నవ్వెందుకు బావగారూ?"

"ఏం లేదు. చెల్లెమ్మ గొంతు ఇక్కడిదాకా వినబడితేనూ. పదండి, షాపుకి."

షాపు రెండు వీధుల అవతల. తుపాకులు పెట్టిన అద్దాల కిటికీ కింద వీధిలోకి, అసలు షాపు మేడ మీద. ఇరవై ఆరు మెట్లు. డిటెక్టివ్ రెండేసి ఎక్కబోతే ఇన్‌స్పెక్టర్ జబ్బ పట్టుకుని ఆపాడు. "నెమ్మది. పోయినేడాది గుండె పట్టుకుని ఆస్పత్రిలో పడ్డప్పుడు చెల్లెమ్మ మూడు రోజులు మీ పక్కన కుర్చీలోంచి లేవలేదు. మీకేమన్నా అయితే చెల్లెమ్మకి నేను జవాబు చెప్పుకోలేను." మాటల్లో విసుగు ఉన్నా, చెయ్యి మాత్రం చివరి మెట్టు దాకా వదల్లేదు.

షాపాయన బక్కపలచటి మనిషి. పోలీసుని చూడగానే చేతులు నలుపుకోవడం మొదలుపెట్టాడు. వెనక గదిలో పొడుగాటి బల్ల ముందు, డెబ్బై ఏళ్ళ మేస్త్రి ఆకురాయితో ఏదో ఇనప ముక్క రాస్తున్నాడు. షాపాయన తండ్రి కాలం నుంచి అదే స్టూలు, అదే మనిషి.

"పెద్దత్తని నువ్వే సిద్ధం చేశావా మేస్త్రీ?" అన్నాడు డిటెక్టివ్.

"నేనేనండీ. దాని సంగతి నా చేతులకి తప్ప ఎవరికి తెలుసు?" మేస్త్రి తలెత్తాడు గానీ, చూపు డిటెక్టివ్ చెవి పక్కగా పోయింది.

"ఉత్తుత్తి తూటా పెట్టావా?"

"ఎడమ గొట్టంలో పెట్టి, మూసి, గుడ్డతో తుడిచి మరీ ఇచ్చానండీ."

"ఎన్నింటికి?"

"మూడున్నర. ఆ ఎదురు గడియారంలో చూశాను కదా."

డిటెక్టివ్ వెనక్కి తిరిగి చూశాడు. ఎదురు గోడ మీద ఒక మేకు ఉంది. మేకు చుట్టూ గుండ్రటి తెల్లటి మచ్చ ఉంది. గడియారం లేదు.

షాపాయన నోరు విప్పబోయాడు. డిటెక్టివ్ వేలు పెదవి మీద పెట్టి ఆపి, బయటికి పిలిచి చిన్నగా అడిగాడు.

"గడియారం ఎప్పుడు తీశారు?"

"పది రోజులైందండీ. బాగుచేయడానికి ఇచ్చాం."

డిటెక్టివ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చిన్నప్పుడు కళ్ళజోడు పెట్టించుకోక ముందు, బోర్డు కనబడుతున్నట్టు తను వేసిన దొంగవేషాలన్నీ గుర్తొచ్చాయి. పక్కవాడి పుస్తకం చూసి రాయడం, బస్సు నంబరు ఎవరినో అడిగి నవ్వేయడం. అదంతా కనబడుతున్నవాళ్ళకి అబద్ధంగా తోస్తుంది గానీ, దాస్తున్నవాడికి అది పరువు.

లోపలికొచ్చి మేస్త్రి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"మేస్త్రీ, నా మొహం మీద ఏముందో చెప్పు."

ఆకురాయి ఆగింది.

"మసగ్గా ఉందండీ," అన్నాడు మేస్త్రి. "ఏడాదిగా. వెలుగూ నీడా తెలుస్తాయి. మిగతాదంతా చేతులు చూసుకుంటాయి. ఈ బల్ల మీద ఏది ఎక్కడుందో నాకు కంఠోపాఠం."

"లక్క బొట్టు?"

మేస్త్రి తన వేళ్ళు చూపించాడు. యాభై ఏళ్ళ ఇనుము రాపిడికి కొసలు కాయలు కాసి నున్నగా అయిపోయాయి. "ఇవి కూడా మొద్దుబారాయండీ. అందుకే స్థానం గుర్తు పెట్టుకుంటాను. ఎడమ గిన్నెలో ఉత్తుత్తివి, కుడి గిన్నెలో పరీక్షకి వాడే అసలువి."

షాపాయన గిన్నెల దగ్గరికి వచ్చాడు. "నిన్న... నిన్న మధ్యాహ్నం బల్ల నేను తుడిచానండీ! పెద్దవాడు కదా, వంగలేకపోతున్నాడు కదా అని ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు అన్నీ తీసి, తుడిచి, మళ్ళీ పెట్టాను. ఏ గిన్నె ఎటు పెట్టానో..." అతను మేస్త్రి భుజాలు పట్టుకున్నాడు. "కళ్ళు కనబడటం లేదని నాతో ఒక్క మాట చెప్పకూడదా బాబాయ్? పనిలోంచి తీసేస్తాననుకున్నావా? నన్ను ఎత్తుకుని తిప్పినవాడివి!"

"నువ్వు తీయవురా. కూర్చోబెట్టి అన్నం పెడతావు. ఊరికే కూర్చుని ఎలా తినను?" అన్నాడు మేస్త్రి. తర్వాత ఆకురాయి పక్కన పెట్టాడు. "ఆ తల్లికి ఎలా ఉందిరా?"

"ప్రాణానికి భయం లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "నేనే మాట్లాడుతున్నా. మాస్టారిని మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్ళొద్దు. మన జీపులో ఆస్పత్రికి తీసుకెళ్ళు. ఆ... దారిలో ఇంటి నుంచి ఉతికిన చొక్కా ఒకటి తీసుకో. అలా వెళితే ఆవిడ కంగారుపడుతుంది." ఫోను పెట్టేసి వియ్యంకుడి వైపు చూడకుండా అన్నాడు, "ఈసారికి మీరే గెలిచారు బావగారూ."

డిటెక్టివ్ వినిపించుకోలేదు. బల్ల మీద రెండు గిన్నెలు చూస్తున్నాడు. ఎడమది ఖాళీ. కుడిదాంట్లో రెండు తూటాలు. ఒకటి తిప్పాడు. ఎర్ర లక్క. రెండోది తిప్పాడు. ఎర్ర లక్క.

"నిన్న ఉత్తుత్తివి ఎన్ని చేశావు మేస్త్రీ?"

"రెండేనండీ."

"అసలువి ఎన్ని?"

"అవీ రెండే."

"మాస్టారి గోడ మీద పేలింది ఒకటి. రెండోది ఏది?"

"చిన్నత్తలో ఉంటుందండీ," అన్నాడు మేస్త్రి, ఆ మాటకి అర్థం తనకే తట్టి లేచి నిలబడుతూ. "అవి రెండూ జంట తుపాకులు. ఒకే చేతి పని, ఒకే రోగం. రెండింటికీ నిన్ననే పెట్టి మూశాను."

"చిన్నత్తని ఎవరు కొన్నారు?"

షాపాయన ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావగారూ," అన్నాడు. "మీరు ఈ షాపు కిటికీ ముందు ఆగి, చూసి, నిట్టూర్చి వెళ్ళిపోవడం నేను ఎన్నిసార్లు చూశానో. రేపటికి మీకు అరవై నిండుతాయి. మొన్న మీరు సంతకాలు పెట్టిన కాగితాలు దాని లైసెన్సువే. పొద్దున మీరు బయల్దేరగానే మీ ఇంటికి పంపించాను. మీరు వచ్చేలోపు గోడకి పెట్టించేస్తానంది చెల్లెమ్మ. ఉత్తుత్తి తూటా ఉంది కదా అని..."

సుత్తి ఎక్కడ పెట్టారు?

డిటెక్టివ్ ఇంటికి ఫోను చేశాడు. టైము మూడూ ఇరవై. ఆవిడ సుత్తి అడిగి ముప్పావు గంటైంది. ఒకటి మోగింది. రెండు. మూడు. ఇన్‌స్పెక్టర్ ఇంకో ఫోనులో జీపుని పంపమని అరుస్తున్నాడు. ఏడోసారికి ఆవిడ ఎత్తింది.

"మీరు చెప్పిన సొరుగులో సుత్తీ లేదు, గిత్తీ లేదు. పక్కింటావిడ వచ్చిందాకా ఆగి, వాళ్ళది తెచ్చుకున్నా."

"ఏమోయ్, ఆ తుపాకీ దగ్గరికి వెళ్ళకు! అది..."

"అయ్యో, అన్నయ్యగారు చెప్పేశారా! ఒక్క మాట కడుపులో దాగదు ఆ మనిషికి. ఉండండి, రెండో మేకు సగం దిగింది, ఒక్క దెబ్బ కొట్టి వస్తా."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. దూరంగా వెళుతున్న అడుగులు. డిటెక్టివ్ అరిచాడు. వద్దన్నాడు, ఆగమన్నాడు, తూటా ఉందన్నాడు. లోపలి గదిలోంచి "వస్తున్నానన్నానుగా!" అని వినబడింది. తర్వాత సుత్తి దెబ్బ. గోడకి ఆనించిన ఇనుము గల్లుమన్న చప్పుడు ఇక్కడిదాకా వచ్చింది.

ఎంత దూరాన ఉన్నా ఆవిడ చెవికి తగిలే మాట ఒక్కటే ఉంది. దాన్ని ఉత్తినే ఎన్నడూ అననని పోయినేడాది ఆస్పత్రి మంచం మీద ఆవిడ చేతిలో చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. ఆ ఒట్టు ఇప్పుడు తీసి గట్టున పెట్టాడు.

"ఏమోయ్! గుండెల్లో నొప్పి!"

సుత్తి నేల మీద పడింది. అడుగులు పరుగెత్తుకొచ్చాయి. "ఎక్కడున్నారు? కూర్చోండి. మెట్లెక్కారా? అన్నయ్యగారు పక్కనే ఉన్నారా?"

ఆవిడ వెనకాల, లోపలి గదిలో, ఏదో బరువైనది గోడ వెంట నెమ్మదిగా జారింది.

ఢామ్మంది.

గాజు పెంకులు రాలుతూనే ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చి ఆ ఫోనుకి చెవి ఆనించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు క్షణాలు గడిచాయి.

"ఏవండీ," అంది ఫోనులో ఆవిడ గొంతు, సన్నగా. "లోపలేదో పేలింది గానీ, దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ నొప్పి ఎలా ఉందో చెప్పండి."